చిత్ర సమాహారం: మాట పుట్టుక, అర్థం

ఒక నటుడు నటించిన, లేదా ఒక దర్శకుడు రూపొందించిన చిత్రాలన్నిటినీ విడుదలైన సంవత్సరాలతో సహా వరుసగా పేర్కొనే పట్టికను ఇంగ్లీషులో ‘ఫిల్మోగ్రఫీ’ అంటారు. గ్రంథాల పట్టికకు పేరైన ‘బిబ్లియోగ్రఫీ’ని అనుసరించి ఇరవయ్యో శతాబ్దంలో ఈ మాటను కల్పించారు. గ్రీకు భాషలో ‘బిబ్లియోన్’ అంటే పుస్తకం. ‘గ్రాఫీన్’ అంటే రాయడం. పుస్తకం స్థానంలో ఫిల్మును నిలిపారు. అయితే ‘ఫిల్మ్’ గ్రీకు మాట కాదు. అది పాత ఇంగ్లీషులో పలుచని పొరకు పేరు. ఛాయాచిత్రాలు తీసే పలకపై పూసే రసాయనపు పొరకు, తరువాత ఆ పొర గల పట్టీకి, చివరకు పట్టీ మీది కథకే ఆ పేరు స్థిరపడింది.

తెలుగులో ఈ అర్థంలో ‘చిత్ర సమాహారం’ అనే మాట కనిపిస్తుంది. సమాహారమంటే ఒకచోట చేర్చడం. ద్విగు సమాసం చదివిన వారికి ఇది పరిచితమే; పంచవటి అంటే ఐదు మర్రిచెట్ల సమాహారం కదా! వ్యవహారంలో మాత్రం ‘సినిమాల జాబితా’ అంటేనే సుబోధకం. జాబితా హిందుస్తానీ నుండి వచ్చినా మనకు పరాయి మాట అనిపించదు.

ఈ మాటకు ఒక పరిమితి ఉంది. అది చిత్రాలనే లెక్కిస్తుంది. శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో 1928లో జన్మించిన జె.వి. సోమయాజులు గారి చిత్ర సమాహారం చూడండి. శంకరాభరణం, వంశవృక్షం (1980), త్యాగయ్య, సప్తపది (1981) అంటూ అది ఆయనకు యాభై ఏళ్లు నిండిన తరువాతి కాలంలోనే నిండుతుంది. అంతకుముందు రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేస్తూనే ఆయన రంగస్థలంపై గడిపిన ఏళ్లకు అందులో చోటు లేదు. విజయనగరంలో 1892లో తొలిసారి ప్రదర్శితమైన గురజాడ వారి కన్యాశుల్కంలో ఆయన రామప్పపంతులు. తమ్ముడు రమణమూర్తి గిరీశం. ఆ నాటకమే 1955లో చలనచిత్రమైంది. అందులో గిరీశం ఎన్.టి. రామారావు గారు కనుక, కన్యాశుల్కం పేరు ఆయన జాబితాలో చేరింది; ఎన్నో ప్రదర్శనలిచ్చిన ఈ సోదరుల జాబితాలలో చేరలేదు.

కాబట్టి సోమయాజులు గారి జీవితం రాయదలచినవారు చిత్ర సమాహారం పక్కన నాటకాల పట్టికను కూడా చేర్చవలసి ఉంటుంది. నాటకానికి విడుదల తేదీ ఉండదు. కరపత్రాలు వెతకాలి, చూసినవారిని అడిగి రాసుకోవాలి.