కారు అద్దంలా, ఇల్లు సంతలా!

ప్రశ్న: ఆదివారం వస్తే మావారు బకెట్టు, పాత బనియన్ గుడ్డ పట్టుకుని కారు దగ్గర చేరతారు. టైర్ల సందుల్లో మట్టి కూడా టూత్‌బ్రష్‌తో గీకుతారు. ఇంట్లోకొస్తే తడి తువ్వాలు మంచం మీదే! ఇదేమైనా మానసిక సమస్యా? – గృహిణి, భీమవరం

జవాబు: కంగారు పడకండి, ఇది జబ్బు కాదు. కారు కడిగితే ఫలితం వెంటనే కనిపిస్తుంది, వీధిలో నలుగురూ చూస్తారు. ఇల్లు తుడిచిన గంటకే మళ్ళీ మొదటికొస్తుంది, చూసేవాళ్ళూ ఉండరు. చిన్న గీత పడినా నిద్ర పట్టకపోవడం, పిల్లల్ని కారెక్కనివ్వకపోవడం దాకా వస్తే ఆలోచిద్దాం. తువ్వాలు ఆరేయడం మన ఇళ్ళలో మగపిల్లలకు నేర్పరు, దానికి మాత్రం నా దగ్గర మందు లేదు.

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. రోజుకు నాలుగుసార్లు ఇల్లు తుడుస్తాను. పాల ప్యాకెట్టు సబ్బుతో కడగందే ఫ్రిజ్‌లో పెట్టలేను. శుభ్రంగానే ఉందని తెలుసు, అయినా చెయ్యి ఆగదు. చేతులు పగిలి మండుతున్నాయి. నాకు పిచ్చి పడుతోందా? – పాఠకురాలు, వరంగల్

జవాబు: లేదమ్మా. శుభ్రంగానే ఉందని తెలుసని మీరే రాశారు, అంటే మీ వివేకం మీ దగ్గరే ఉంది. దీన్ని ఓసీడీ అంటాం. అక్కర్లేని ఆలోచన పదేపదే తొలుస్తుంది, దాన్ని చల్లార్చడానికి అదే పని మళ్ళీ మళ్ళీ చేయాల్సి వస్తుంది. నూటికి ఒకరిద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. మడి కట్టుకునే అమ్మమ్మకైనా, పండగ ముందు బూజు దులిపేవాళ్ళకైనా పనయ్యాక తృప్తి మిగులుతుంది. మీకు మిగిలేది తృప్తి కాదు, భయం కాసేపు తగ్గుతుందంతే. రోజుకు గంటకు మించి ఇందులోనే పోతుంటే, చేతులు పగిలేదాకా వస్తే వైద్యం కావాలి.

ఆ వైద్యం భయపడాల్సినది కాదు. ముందు ఓ చిన్న మెట్టు: ప్యాకెట్టును సబ్బు లేకుండా ఉత్త నీళ్ళతో తొలిచి లోపల పెట్టి, చేతులు మళ్ళీ కడక్కుండా కూర్చోవడం. గుండె దడదడలాడుతుంది, కాసేపటికి దానంతటదే దిగుతుంది. థెరపిస్టు పక్కనుండి ఇలా ఒక్కో మెట్టూ ఎక్కిస్తారు. మందులు అవసరమైతే వాటి ఫలితం పూర్తిగా తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, పది రోజులకే మానేయకండి. ఇంట్లోవాళ్ళు తిట్టకూడదు, అలాగని మీతో కలిసి కడగనూ కూడదు. ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలీమానస్ అనే ప్రభుత్వ సేవ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: మా అత్తగారు ఖాళీ సీసాలు, స్వీటు డబ్బాలు, ప్లాస్టిక్ కవర్లు ఏదీ పారేయనివ్వరు. ఏం చేయాలి? – రాజమండ్రి

జవాబు: కరువు చూసిన తరం, దాచుకోవడం వింతేమీ కాదు. మంచం మీద పడుకోగలిగి, పొయ్యి దగ్గరకు దారి ఉన్నంతవరకు వదిలేయండి. సామాను అడ్డంపడి నడవలేని స్థితి వస్తే అది హోర్డింగ్ కావచ్చు. 2013 నుంచి దాన్ని విడిగా ఓ జబ్బుగానే గుర్తిస్తున్నారు. ఆవిడ ఊరెళ్ళినప్పుడు మాత్రం గుట్టుగా పారేయకండి, ఉన్న నమ్మకం కూడా పోతుంది.

ప్రశ్న: బాబుకు నాలుగో నెల. చిందరవందరగా ఉన్న ఇల్లు చూసి, "ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు" అని మా ఆడపడుచు అనేసి వెళ్ళింది. అప్పట్నుంచీ ఏడుపొస్తోంది. – హైదరాబాద్

జవాబు: నాలుగు నెలల పిల్లాడున్న ఇల్లు సర్ది ఉంటేనే నేను ఆశ్చర్యపోతాను. గుట్టగా పడున్న లంగోటీలు మీ గుణం గురించి ఏమీ చెప్పవు, నిద్ర చాలడం లేదని చెబుతాయి. ఏడుపు రెండు వారాలు దాటినా, బాబు పడుకున్నా మీకు నిద్ర రాకపోయినా డాక్టర్ని కలవండి. మీకో బాబుకో హాని చేయాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే వెళ్ళండి.

ప్రశ్న: నాన్నగారికి 67. కారు మీద దుమ్ము పడనిచ్చేవారు కాదు. ఈ మధ్య సీట్ల కింద అరటితొక్కలు ఉంటున్నాయి, చొక్కా మూడు రోజులైనా మార్చడం లేదు. వయసు వల్లేనా? – విజయనగరం

జవాబు: మీరు గమనించడం మంచిదైంది. ఎప్పుడూ బద్ధకంగా ఉండే మనిషి గురించి రాసుంటే నవ్వి ఊరుకునేవాణ్ణి, శుభ్రమైన మనిషి కొద్ది నెలల్లో ఇలా మారడం మాత్రం వయసు మీద తోసేయాల్సింది కాదు. కుంగుబాటు కావచ్చు, థైరాయిడ్ తేడా కావచ్చు, బి12 లోపం కావచ్చు, ఇవన్నీ వైద్యానికి లొంగేవే. మతిమరపు జబ్బు మొదలైతే కూడా ఇలాగే ఉంటుంది, కాబట్టి ఈ వారమే చూపించండి. కారు బంపర్ మీద కొత్త సొట్టలు, గీతలు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, పరీక్షలయ్యేదాకా తాళాలు మీ దగ్గరే ఉంచుకోండి.