పరదేశములో ప్రాతఃకాల ధ్వనులు

కోవెల గంట వినిపించని ఊరిలో దినచర్య ఎట్లు సాగునని విదేశములకు వెళ్ళిన వైష్ణవ కుటుంబములు వగచుట కలదు. సింగపూరునందు సెరంగూన్ రోడ్డులో 1855లో ఏర్పడిన శ్రీనివాస పెరుమాళ్ కోవెల ఉన్నను, అది అందరి ఇండ్లకును చేరువ కాదు. ఎత్తైన భవనములలో కాపురముండు తెలుగువారికి తెల్లవారుజామున వినవచ్చునవి రైలు చప్పుడు, పొరుగింటి తలుపు చప్పుడు, చెట్లలోని కోకిల కూత.

ఇట్టివారికి గోదాదేవి తిరుప్పావై మార్గము చూపుచున్నది. ఆరవ పాశురమున పక్షుల కలకలము, కోవెల శంఖధ్వని కలవు. ఏడవ పాశురమున భరద్వాజ పక్షుల పలుకులు, గొల్లభామల ఆభరణముల సవ్వడి, పెరుగు చిలుకు చప్పుడు కలవు. శంఖమొక్కటి తప్ప తక్కినవన్నియు వీధిలోని నిత్యధ్వనులే. అవియే ఆమెకు మేలుకొలుపులైనవి.

మరియొక విశేషము కలదు. గోదాదేవి నివసించినది గోకులము కాదు, శ్రీవిల్లిపుత్తూరు. ఆ ఊరినే వ్రేపల్లెగా భావించి ఆమె వ్రతమాచరించెనని పెద్దలు చెప్పుదురు. నాచ్చియార్ తిరుమొళిలో తన స్వామిని రప్పింపుమని కోకిలనే వేడుకొనెను.

కావున పరదేశమున కోకిల కూత విన్నవారు ఆ వేడికోలును స్మరింపవచ్చును. పొరుగువారి నిద్రకు భంగము కలుగకుండ మెల్లగా సుప్రభాతము పఠించిన చాలును. ఉన్న ఊరినే వ్రేపల్లెగా భావించుట గోదాదేవి నేర్పిన పాఠము.