గొడ్డుకు ఓటు లేదు, మనకు ఉంది

ఎన్నికలు వచ్చాయి. ఊరంతా మైకుల మోత. సాయంత్రం పనులు ముగించుకుని సంఘం ఆడవాళ్ళు అరుగు మీద కూర్చున్నారు. అందరి చేతుల్లో అభ్యర్థులు పంచిన కాగితాలు ఉన్నాయి. ఒక్కో మాట కూడబలుక్కుని చదువుతున్నారు.

"రోడ్డు అని ఉంది. పింఛను అని ఉంది. గొడ్డూ గోదా మాట ఎక్కడా లేదే!" అంది గేదెల అవ్వ.

"గొడ్లకు ఓటుందా అవ్వా, వాటి గురించి రాయడానికి?" అంది ఒక అమ్మాయి. అందరూ నవ్వారు.

అవ్వ నవ్వలేదు. "గొడ్డుకు లేదమ్మా. నాకు ఉందిగా! గేదె పాలతోనే మా ఇల్లు గడుస్తోంది. నా కొడుకు ఎద్దులబండి తోలుతాడు. పోయిన ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఇసుక తోలుతుంటే ఎద్దు కూలబడింది. మళ్ళీ లేవలేదు. బండి ఆపితే కూలి కోస్తానన్నాడు పని పెట్టినవాడు. వాడిని అడిగే చట్టం లేదా?"

"ఉంది అవ్వా" అంది టీచరమ్మ. "ఈ రోజు ఆ పాఠమే చదువుదాం."

చట్టం ఎలా వచ్చింది?

రుక్మిణీదేవి అరండేల్ పేరున్న నాట్య కళాకారిణి. 1952లో ఆమె రాజ్యసభ సభ్యురాలు అయ్యారు. నోరులేని జీవాలను హింసించకుండా చట్టం కావాలని ఆమె సభలో బిల్లు పెట్టారు. ప్రధానమంత్రి నెహ్రూ ఆ బిల్లును వెనక్కి తీసుకోమన్నారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని మాట ఇచ్చారు. ఆ మాట ప్రకారం 1960లో జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం వచ్చింది. సభలో ఒక సభ్యురాలు గట్టిగా అడిగితే దేశానికంతా చట్టం వచ్చింది. అందుకే సభకు ఎవరిని పంపుతున్నామో చూసుకోవాలి.

చట్టంలో ఏముంది?

పశువును చావబాదకూడదు. మోయలేని బరువు వేయకూడదు. జబ్బు చేసిన పశువుతో, పుండు పడిన పశువుతో పని చేయించకూడదు. మేత, నీరు, నీడ లేకుండా ఉంచకూడదు. పాలు చేపడానికి పశువు ఆరోగ్యం చెడగొట్టే సూది వేయకూడదు. వేస్తే రెండేళ్ళ దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా పడవచ్చు. రెండూ కూడా పడవచ్చు.

బండి ఎద్దుల కోసం 1965లో నిబంధనలు వచ్చాయి. రోజుకు మొత్తం 9 గంటలకు మించి పని చేయించకూడదు. మధ్యలో విశ్రాంతి ఇవ్వకుండా 5 గంటలకు మించి తోలకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుండి 3 గంటల వరకు బండి కట్టకూడదు. ముల్లుకర్ర వాడకూడదు.

"అయితే నా కొడుకు ఎద్దును మధ్యాహ్నం కట్టించడమే తప్పు!" అంది అవ్వ.

"తప్పే. కాని పోలీసు వస్తే ముందు ఎవరిని పట్టుకుంటాడు?" అంది టీచరమ్మ.

"బండి తోలేవాడినే. తోలించినవాడు పక్కన నిలబడి చూస్తాడు."

అందరూ ఆలోచనలో పడ్డారు.

ఇంకో సంగతి కూడా ఉంది. పశువును కొట్టినందుకు, బరువు వేసినందుకు చట్టంలో పెట్టిన జరిమానా మొదటి తప్పుకు 10 నుండి 50 రూపాయలు. ఇది ఏ మూలకు? జరిమానా పెంచడానికి 2022లో కేంద్ర ప్రభుత్వం ఒక ముసాయిదా తయారు చేసి, ప్రజల అభిప్రాయం అడిగింది.

ఎవరి చేతిలో ఏముంది?

జంతువులపై క్రూరత్వం ఆపే విషయం రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉంది. అంటే పార్లమెంటు చట్టం చేయవచ్చు. అసెంబ్లీ కూడా చేయవచ్చు. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును ఆపింది. 2017లో తమిళనాడు అసెంబ్లీ చట్టాన్ని సవరించి ఆ ఆటకు మళ్ళీ దారి ఇచ్చింది. 2023లో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని చెప్పింది.

పశు వైద్యం రాష్ట్రం పని. డాక్టరు, మందులు, పశువుల ఆసుపత్రి కావాలంటే ఎమ్మెల్యేను అడగాలి. 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ పశుపోషణను పంచాయతీలకు అప్పగించదగిన పనుల్లో చేర్చింది. నీటి తొట్టి, బందెలదొడ్డి గురించి సర్పంచిని అడగవచ్చు. దేశమంతటికీ వర్తించే చట్టం మార్చాలంటే ఎంపీని అడగాలి.

రెండు వైపులా చూడాలి

చట్టం అంటే అన్నీ మంచివే అనుకోకూడదు. 2017 మే నెలలో కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. పశువుల సంతలో ఆవును, ఎద్దును, గేదెను కోతకు అమ్మకూడదు అంది. జీవదయ మంచిదే కదా అన్నారు కొందరు. వట్టిపోయిన గేదెకు మేత ఎవరు పెడతారు, కొత్త గేదెకు డబ్బు ఎక్కడిది అన్నారు మరికొందరు. ఆ ఏడు జూలైలో సుప్రీంకోర్టు దేశమంతటా ఆ నిబంధనల అమలు ఆపింది. పశువు బాధ చూడాలి. పశువును నమ్ముకున్న మనిషి బాధా చూడాలి.

అభ్యర్థులు వచ్చారు

మరునాటి నుండి అసెంబ్లీ అభ్యర్థులు ఒక్కొక్కరే ఓట్లు అడగడానికి వచ్చారు. ముగ్గురినీ అవ్వ ఒకే ప్రశ్న అడిగింది. "బాబూ, ఎండలో బండి ఆపమంటుంది చట్టం. ఆపితే కూలి కోస్తున్నారు. నువ్వు ఏం చేస్తావు?"

మొదటి ఆయన చేతులు జోడించాడు. "గొడ్డు తల్లితో సమానం అవ్వా" అన్నాడు. అవ్వ తలాడించి, "దండం సరే, జవాబు?" అంది.

రెండో ఆయన, "జరిమానా పదింతలు పెంచమని అడుగుతాను" అన్నాడు. "ఎవరికి నాయనా? తోలేవాడికా, తోలించేవాడికా?" అంది అవ్వ. ఆయన వెంటనే చెప్పలేకపోయాడు.

మూడో ఆయన, "ఈ చట్టాలు రైతుకు అడ్డం. నేను పట్టించుకోను" అన్నాడు. "ఎద్దు చచ్చింది రైతుదే కదయ్యా!" అంది అవ్వ. ఆయన కాసేపు ఆగాడు. "సర్కారు పనుల్లో ఎండాకాలం పొద్దున, సాయంత్రమే బండ్లు తోలించేలా చూస్తాను" అన్నాడు.

ముగ్గురి జవాబులూ ఆడవాళ్ళు నోటు పుస్తకంలో రాసుకున్నారు. తారీఖు వేశారు. ఎవరికి ఓటు వేయాలో ఒకరికొకరు చెప్పుకోలేదు. అది ఎవరికి వారు తేల్చుకునే మాట. గెలిచినవారు ఎవరైనా సరే, ఎండాకాలం రాగానే ఆ పుస్తకం తీసుకుని వెళ్ళి అడగాలని మాత్రం తీర్మానం చేశారు.

కొత్త మాటలు

అభ్యర్థి: ఎన్నికల్లో పోటీ చేసే మనిషి.
ముసాయిదా: చట్టం కాకముందు రాసిన చిత్తుప్రతి.
సవరణ: ఉన్న చట్టంలో చేసే మార్పు.
ఉమ్మడి జాబితా: కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల విషయాల పట్టిక.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. ఎండలో బండి తోలితే జరిమానా ఎవరికి పడాలి? ఎందుకు?
2. వట్టిపోయిన గేదెను మీ ఊళ్ళో ఏం చేస్తున్నారు?
3. మీ ఊళ్ళో పశువుల డాక్టరు వారానికి ఎన్ని రోజులు వస్తున్నారు?

రాయండి

మీ ఊరికి ఓట్లు అడగడానికి వచ్చే అభ్యర్థిని పశువుల గురించి అడగవలసిన రెండు ప్రశ్నలు మీ పుస్తకంలో రాయండి. వారు చెప్పిన జవాబు కింద తారీఖు వేయండి.