వావా పెడలునకు కాలిమీట కలుపు విధము



బాచుపల్లిలో గిటారు వాయించు మన విద్యార్థులు కొందరు కోఠీలోని గుజరాతీ గల్లీనుండి విడిభాగములు తెచ్చి, వావా పెడలును స్వహస్తములతో కట్టుకొన నుత్సహించుచున్నారు. ఉత్సాహము మెచ్చదగినదే. అయితే పెడలు పలికినంత మాత్రమున పని పూర్తికాదు. కాలిమీట నొక్కి దానిని తొలగించినప్పుడు గిటారు తన సహజస్వరముతోనే పలుకవలెను. అట్లు పలుకనిచో నేరము గిటారుపై బడును. లేని దోషమునకై క్రొత్త తంత్రులు, క్రొత్త పికప్పులు కొని తల్లిదండ్రుల సొమ్ము వ్యర్థమగును. కావున ఆ మీటను కలుపు విధమును, దాని కారణమును ఈ పాఠమున తెలిసికొందము.

'వా' ఎట్లు పుట్టును?

వ్యాకరణ పాఠమున సు + ఆగతము = స్వాగతము అని చదివియున్నారు. ఉకారమునకు ఆకారము పరమైనచో వకారము వచ్చుట యణాదేశము. పెదవులు గుండ్రముగా ముడిచి 'ఉ' యని పలికి, ఆపక నోరు తెరచి 'ఆ' యనుడు. 'వా' యని వినబడును. గొంతులోని శ్రుతి మారలేదు. నోటి యాకారము మారుటచే నాదములో నే భాగము ప్రబలమగునో అది మాత్రమే మారినది. పెడలు చేయునదియు నిదియే. మడమవైపు వంచిన ఉకారమువలెను, వ్రేళ్లవైపు వంచిన ఆకారమువలెను పలుకును.

1966లో అమెరికాలోని థామస్ ఆర్గన్ కంపెనీయందు బ్రాడ్ ప్లంకెట్ అను ఇంజనీరు దీనిని కనిపెట్టెను. 1967లో క్లైడ్ మెక్కాయ్ అను ట్రంపెట్టు వాద్యకారుని పేరుతో నిది విక్రయమునకు వచ్చెను. రెండు ట్రాన్సిస్టరులు, సుమారు 500 మిల్లీహెన్రీల చుట్టతీగె, 0.01 మైక్రోఫారడు కెపాసిటరు, కాలితో తిరుగు పొటెన్షియోమీటరు, 9 వోల్టుల బ్యాటరీ దీనిలో ముఖ్యాంగములు.

లోపమెక్కడ?

పూర్వపు పెడళ్లలో పెక్కింటికి ఒంటి వరుస మీట యుండెడిది. అది యాంప్లిఫయరునకు పోవు తీగెను మాత్రమే మార్చును. గిటారు తీగె సర్క్యూటునకు ఎల్లప్పుడు నంటియే యుండును. మన పొలమునకు నీరు పెట్టునప్పుడు ప్రక్కపొలము తూము మూయకున్న నేమగునో, ఇచటను అదియే జరుగును.

లెక్కచేసి చూతము. పికప్పు ఇండక్టెన్సు 4 హెన్రీలనియు, సర్క్యూటు ప్రవేశమున నిరోధము 1 లక్ష ఓములనియు అనుకొనుడు. పికప్పు అవరోధము = 2 × 3.14 × పౌనఃపున్యము × ఇండక్టెన్సు. సెకనుకు 100 కంపనములైన నిది సుమారు 2,500 ఓములు. 4,000 కంపనములైన సుమారు 1 లక్ష ఓములు. నిరోధమును ఇట్టి అవరోధమును సమకోణ త్రిభుజపు భుజములవలె కూడవలెను. మంద్రనాదమునకు నష్టము లేదనవచ్చును. తారనాదమునకో, రెండు భుజములు సమానమగుటచే కర్ణము 1.41 లక్షలగును, నూటికి 71 పాళ్లు మాత్రమే మిగులును. యాంప్లిఫయరు నిరోధము సాధారణముగా 10 లక్షల ఓములుండును గనుక, అది యొక్కటే యున్నచో నూటికి 99 పాళ్లు నిలుచును. గిటారు మందముగా, దుప్పటి కప్పినట్లు పలుకుటకు కారణమిదియే.

కలుపు విధము

ఇందులకు రెండు వరుసలు, ఆరు పిన్నులు గల ఫుట్‌స్విచ్చి కావలెను. అంగడిలో డీపీడీటీ యని యడుగుడు. పిన్నులు మీకెదురుగా నుండునట్లు పట్టుకొని ఎడమ నిలువు వరుసకు పైనుండి 1, 2, 3 అనియు, కుడి వరుసకు 4, 5, 6 అనియు గుర్తువేయుడు. మల్టీమీటరుతో పరీక్షింపగా 2వ పిన్ను ఒకమారు 1తోను, మరియొకమారు 3తోను కలియవలెను. కుడివరుసతో ఎన్నడును కలియరాదు.  పిమ్మట,

1. గిటారు జాకు కొన స్పర్శను 2వ పిన్నునకు,
2. యాంప్లిఫయరు జాకు కొన స్పర్శను 5వ పిన్నునకు,
3. సర్క్యూటు ప్రవేశమును 1వ పిన్నునకు,
4. సర్క్యూటు నిర్గమమును 4వ పిన్నునకు కలుపుడు.
5. 3, 6 పిన్నులను చిన్న తీగెతో ఒకదానికొకటి కలుపుడు.

మీట పైవైపున నున్నప్పుడు నాదము 2, 1, సర్క్యూటు, 4, 5 అను మార్గమున పోవును. క్రిందివైపున నున్నప్పుడు 2, 3, 6, 5 అను తిన్నని దారిని పోవును. సర్క్యూటు రెండు కొసలను విడివడును.

మీట నొక్కినపుడు 'టప్పు' మను చప్పుడు రాకుండ, సర్క్యూటు ప్రవేశమునుండి భూమితీగెకును, నిర్గమమునుండి భూమితీగెకును ఒక్కొక్క 10 లక్షల ఓముల రెసిస్టరు వేయుడు. కెపాసిటరులగుండ కారి నిలిచిన విద్యుత్తు వాని ద్వారా మెల్లగా తొలగును. ఈ మీట బ్యాటరీని ఆపదని మరువకుడు. బ్యాటరీ ఋణాగ్రమును మూడు స్పర్శలు గల గిటారు జాకు నడిమి స్పర్శకు కలిపినచో, త్రాడు పెరికినప్పుడు బ్యాటరీ ఆగిపోవును.

పరీక్ష

బ్యాటరీ తీసి, పెడలు తొలగిన స్థితిలో మల్టీమీటరు పట్టుడు. జాకుల రెండు కొనలు కలిసియుండవలెను. ఇంతటితో తృప్తిపడకుడు, ఒంటి వరుస మీటయు ఈ పరీక్షలో నెగ్గును. గిటారు జాకు కొనకును సర్క్యూటు ప్రవేశమునకును సంబంధము తెగినదా యని కూడ చూడుడు. అది తెగిననే పని సరియైనది.

తుదకు మీట నట్టులను త్రిప్పి ఎత్తు సరిచేయుడు. పెడలు ఆకారమును పూర్తిగా పలికిన తరువాత, మరికొంత బలముగా నొక్కిననే మీట మారవలెను. తలిదండ్రులు సోల్డరు వేడిమివిషయమున పిల్లలకు తోడుగా నుండుట మేలు. ఆరు పిన్నుల పటమును కాగితముపై గీచి పెడలు అడుగుమూతలో అంటించుడు. కొంతకాలమునకు మీట యరిగి క్రొత్తది వేయవలసినప్పుడు, ఆ పని మీ తమ్ముడో చెల్లెలో చేయవలసివచ్చినను ఆ పటము వారికి దారి చూపును.