గాలపుకర్ర గుణం

పిడి, రింగులు బిగించని ఒట్టి కర్రను ‘బ్లాంక్’ అంటారు. గాలపుకర్ర గుణమంతా దీంట్లోనే ఉంది. పిడి ఎంత సొగసుగా ఉంటే ఏం లాభం?

వెదురు బలం పైతొక్కనంటిన నారలో ఉంటుంది. అందుకే 19వ శతాబ్దంలో పాశ్చాత్యులు మన దేశం నుంచి వెళ్లిన ‘కలకత్తా వెదురు’ను బద్దలుగా చీల్చి, లోపలి మెత్తని భాగం తీసేసి, ఆరేసి బద్దలు అతికించి కర్రలు చేశారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత గాజునార, 1970లలో కార్బన్ వచ్చాయి.

గాజునార కాస్త బరువు. బాగా వంగుతుంది, దెబ్బలకు ఓర్చుకుంటుంది. కార్బన్ తేలిక, చేప ఎర ముట్టగానే చేతికి తెలుస్తుంది. కానీ రాయికి తగిలితే పైకి కనబడకుండా చిట్లి, తర్వాతెప్పుడో పుటుక్కున విరుగుతుంది.

వంపు కూడా చూడాలి. కొన మాత్రమే వంగేది ‘ఫాస్ట్’, నడుము దాకా వంగేది ‘మోడరేట్’, పిడి దాకా వంగేది ‘స్లో’. నిమ్మనపల్లె బాహుదా జలాశయం వంటి చోట శీలావతి, బొచ్చె కోసమైతే నడుము దాకా వంగే గాజునార మేలు. చేప గుంజినప్పుడు ఆ కుదుపును కర్రే మింగుతుంది, దారం తెగదు.

ఒక్క మాట మరవకండి: కార్బన్‌లో కరెంటు పారుతుంది. తీగల కింద, ఉరుములప్పుడు ఆ కర్ర ఎత్తారో, చేప మాట దేవుడెరుగు, ప్రాణానికే ముప్పు!