అద్దె కన్నా ముందు మెరక చూడండి

ప్రశ్న: కేసరపల్లి మేధా టవర్స్‌లో ఉద్యోగం వచ్చింది. ఒక్కణ్నే. విజయవాడలో ఎక్కడ గది తీసుకోవాలి?

జవాబు: ముందు ఆ వీధి పల్లమా, మెరకా చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్‌, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో నానాయి. అప్పుడే ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా దిగినా, రిటైనింగ్‌ వాల్‌ పుణ్యమా అని కృష్ణ ఒడ్డునే ఉన్న కృష్ణలంక చాలావరకు గట్టెక్కింది. కాబట్టి నదికి ఎంత దూరమన్న లెక్క ఒక్కటే చాలదు. అలాగని కొండవాలుకు పోవద్దు. ఆ వానలకే మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి. పల్లంలో అద్దె తక్కువ కదా అంటారా? పై అంతస్తు దొరికినా బండి, మోటారు, కరెంటు మీటర్లు కిందే ఉంటాయి. నన్నడిగితే పటమట, బెంజిసర్కిల్‌ వైపు వెతకండి: కేసరపల్లి మీదుగా పోయే గన్నవరం బస్సు హైవే మీదే దొరుకుతుంది, రాత్రి ఆలస్యమైనా భోజనానికి ఇబ్బంది లేదు. అడ్వాన్సు ఇచ్చేముందు మాత్రం కింది వాటా వాళ్లను 2024లో నీళ్లు ఎందాకా వచ్చాయో అడగండి.