రాజు బల్లయొద్ద మెఫీబోషెతు

పఠన భాగములు: 2 సమూయేలు 4:4, 5:6–8, 9:1–13

యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు పుట్టుకతో కుంటివాడు కాడు. తండ్రి మరణవార్త విని దాది అయిదేండ్ల బాలుని ఎత్తుకొని పరుగెత్తగా వాడు పడి కుంటివాడాయెను. దావీదు అతనికొరకు మనుష్యులను పంపునాటికి అతనికి మీకా అను చిన్న కుమారుడుండెను. అంతకాలము లోదెబారులో పరుల యింట తలదాచుకొని యుండెను.

అయిదవ అధ్యాయములో ఒక చేదు మాట యున్నది. గ్రుడ్డివారికిని కుంటివారికిని ఇంట ప్రవేశము లేదను సామెత పుట్టినది దావీదు నోటిమాటను బట్టియే. నాలుగు అధ్యాయములు దాటగానే ఆ రాజు బల్లయొద్దనే రెండు కాళ్లు కుంటియైనవాడు నిత్యము భోజనము చేయుచున్నాడు. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి మనము చదువుట అరుదు.

యోనాతానునుబట్టి రాజు చూపినది దయయే. అయితే అది బిచ్చము కాదు. సౌలు భూమి అంతయు మరల యిచ్చి, దానిని సేద్యము చేయుటకు సీబాను నియమించెను. కాళ్లు బాగుపడలేదు, బల్ల అందెను.

మన సాలూరు ఫిలదెల్ఫియ పేర కుష్ఠు ఆసుపత్రి గల ఊరు. ఆ పేరునకు సహోదర ప్రేమ అని అర్థము. అయినను సండేస్కూలుకు రాని బిడ్డలు మన వీధులలోను కొండ గ్రామములలోను ఉన్నారు. “వాడెక్కడికి వస్తాడయ్యా” అని తల్లి యనును. ఆమెను నిందింపరాదు. పదేండ్ల బిడ్డను చంకనెత్తుకొని ఎంతదూరము నడచును?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను పేర్కొన్నది. కుష్ఠు నయమైనవారును అందున్నారు. 40 శాతమునకు తక్కువ కాని వైకల్యము గల బిడ్డకు 6 మొదలు 18 ఏండ్ల వరకు సమీపపు బడిలో గాని, కోరిన ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితముగా చదువుకొను హక్కు కలదు. ధ్రువపత్రము సదరం శిబిరమున వైద్యులు ఇత్తురు. భవిత కేంద్రములలో ఇట్టి పిల్లలకు నేర్పు ఉపాధ్యాయులున్నారు. ఈ సంగతులు తెలియకయే అనేకులు ఇంట కూర్చున్నారు.

ఇంకను ఎవడైన మిగిలియున్నాడా యని దావీదు తానే విచారించెను. మెఫీబోషెతు తనంతట రాలేదు, రప్పింపబడెను. కాబట్టి మన పేటలలో ఎవరెవరి యిండ్లకు పోవలెనో, శిబిరము నాడు బండి ఎవరు కట్టుదురో, మందిరపు మెట్ల ప్రక్క వాలుదారి ఎప్పటికి వేయుదుమో పెద్దలు ఈ నెల కూటములోనే తేల్చవలెను.